కరెంటు తినని గడియారం

ఆవిడది అనుమానపు బుద్ధి అని ఎవరన్నా అంటే ఆవిడకు కోపం రాదు. ఎందుకొస్తుంది? నెలనెలా జీతం ఇచ్చేదే అందుకు. బీమా కంపెనీకి పరిహారం ఇమ్మంటూ వచ్చే దరఖాస్తుల్లో ఏది నిజమో, ఏది కట్టుకథో తేల్చడం ఆవిడ ఉద్యోగం. దుకాణం సమస్తం కాలి బూడిదైపోయిందని గుండెలు బాదుకున్న ఒక పెద్దమనిషి, మంటలు లేవకముందే గోడ మీది వాళ్ల నాన్న ఫోటోను ఇంటికెందుకు మోసుకుపోయాడో ఆరా తీసి, ఆయన చేత నీళ్లు నమిలించిన ఘనత ఆవిడది. అప్పటి నుంచి ఆఫీసులో ఆవిడ అసలు పేరు అందరూ మరిచిపోయారు. "భూతద్దం" అంటారు. ఎదురుగా అన్నా ఏమీ అనుకోదు, లోపల్లోపల మురిసిపోతుంది.

అలాంటి మనిషి ఎదురుగా కూర్చుని ఒకనాటి పొద్దున ఆవిడ మొగుడు, కాఫీ కప్పు బల్ల మీద పెట్టి, గొంతు సవరించుకుని, "మన ఆఫీసు గదిని పర్యావరణానికి మేలు చేసేలా మార్చేద్దామోయ్" అన్నాడు. "పెద్ద ఖర్చేం ఉండదు. ఉన్నవాటితోనే సర్దేద్దాం."

ఆవిడ చేతిలో కప్పు పెదాల దగ్గరే ఆగిపోయింది. పర్యావరణమట! బాత్రూంలో లైటు ఆర్పమంటే ఆస్తి రాసిమ్మన్నంత బాధపడే మనిషి. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన వెనకాలే తిరుగుతూ స్విచ్చులు ఆర్పడం ఆవిడకు రెండో ఉద్యోగం. ఆ మనిషి నోట ఇప్పుడీ మాటా!

"ఏమొచ్చింది మీకు ఉన్నట్టుండి?" అంది.

"రావడానికేముంది? బయట ఎండలు చూస్తున్నావుగా. మన వంతు మనం చెయ్యొద్దూ?"

మన వంతు అంటున్నప్పుడు ఆయన చూపు ఆవిడ మీద లేదు. గదిలోకి, ఏసీ వైపు, ఏదో దొంగను చూస్తున్నట్టు చూస్తున్నాడు. ఆవిడ అది గమనించింది. గమనించి ఊరుకుంది. ముందే ప్రశ్నలు వేస్తే అవతలివాడు జాగ్రత్తపడతాడని ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంతకీ ఆ గది ఇద్దరిదీ. గది ఒకటే, బల్లలు రెండు. ఆవిడ ఇటు గోడకు, ఆయన అటు గోడకు, వీపులు ఒకరికొకరు చూపించుకుంటూ కూర్చుని పనిచేసుకుంటారు. ఆయనది వినే ఉద్యోగం. కోర్టుల్లో జరిగిన విచారణల రికార్డింగులు కంప్యూటరుకు వస్తాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, విన్నది విన్నట్టు టైపు చేసి పంపాలి. కాలి కింద చిన్న పెడలు ఉంటుంది. ముందుకు నొక్కితే రికార్డింగు నడుస్తుంది, మడమతో నొక్కితే వెనక్కి పోతుంది. ఇద్దరు వకీళ్లు ఒకేసారి అరుచుకున్నా ఎవరి మాట వాళ్లకు విడదీసి రాయగల మొనగాడు ఆయన. దగ్గింది జడ్జిగారా, గుమస్తానా అన్నది కూడా చెప్పగలడు. స్నేహితులు "పాముచెవులు" అని పిలుస్తారు.

పెళ్లయిన కొత్తలో ఇద్దరివీ రెండు ఆఫీసులు, రెండు వేళలు. ఒకరొచ్చేసరికి ఒకరు నిద్ర. ఇద్దరికీ ఇంటి నుంచి పనిచేసే వీలు దొరికి, పాత సామాన్ల గదిని ఖాళీ చేసి రెండు బల్లలు వేసుకున్నాకే వాళ్లిద్దరూ నిజంగా కాపురం చేస్తున్నట్టయింది. మాట్లాడుకోకపోయినా సరే, వెనకాల ఆ మనిషి ఉన్నాడన్న ధైర్యం. ఆవిడకు ఆ గది అంటే ప్రాణం.

సరే, పర్యావరణం మొదలైంది. మొదట ఏసీ ఆగింది. దాని బదులు ఆయన కిటికీలు బార్లా తెరిచి, పాత దుప్పటిని చింపి స్వయంగా కుట్టి కర్టెను వేలాడదీశాడు. కుట్లు వంకర టింకరగా ఉన్నా ఎండ బాగానే ఆగింది. తర్వాత ట్యూబులైటు పోయి ఎల్‌ఈడీ బల్బు వచ్చింది. ఆవిడ బల్ల కిటికీ పక్కకు జరిగింది, పగలంతా లైటే అక్కర్లేకుండా. ఇవన్నీ బాగానే ఉన్నాయి, కాదనడానికి లేదు. ప్రింటరు వంటింటి పక్క అరలోకి వెళ్లిపోయింది. "అది ఎదురుగా ఉంటే ఊరికే కాగితాలు తగలేస్తాం" అన్నాడు. ఆవిడ పెద్ద కంప్యూటరు పోయి, ఎవరో వాడి వదిలేసిన ల్యాపుటాపు వచ్చింది. "కొత్తది కొంటే చెత్త పెరుగుతుంది, పాతదాన్ని బతికించాలి" అన్నాడు. ఆవిడ టకటకలాడే కీబోర్డు స్థానంలో కూడా పాతదేదో తెచ్చి పెట్టాడు. ఎంత గట్టిగా కొట్టినా కిక్కురుమనదది. కరెంటు పోతే ఆదుకునే యూపీఎస్ పెట్టెను కూడా, "ఊరికే ప్లగ్గులో ఉన్నా కరెంటు తాగేస్తుంది" అని పీకి అటక మీద పడేశాడు.

ఆఖరికి ఒకరోజు ఫ్యాను కూడా ఆపాడు.

"ఇదేం పర్యావరణమండీ? ఉడికిపోతున్నాను!" అని ఒంటికాలి మీద లేచింది ఆవిడ.

"కిటికీలోంచి గాలి రావట్లా?"

"వస్తోంది. వేడి గాలి."

"అలవాటవుతుందిలే. మన ముందు తరాలవాళ్లు ఫ్యాన్లతో బతికారా?" అన్నాడు ఆయన, చొక్కా వీపుకు అతుక్కుపోయి, చెమటలు కారుతుంటే విసనకర్రలా అట్టముక్క ఊపుకుంటూ.

ఆవిడ అక్కకు ఫోను చేసింది. అక్క ఇలాంటివంటే చెవి కోసుకుంటుంది.

"ఒసేయ్, అనుమానమే లేదు" అంది అక్క, సంగతి సగం వినకుండానే. "మొగుడు ఉన్నట్టుండి మంచివాడైపోయాడంటే ఏదో ఉంది. మీ బావ ఓసారి పొద్దున్నే నడక మొదలెట్టాడు గుర్తుందా? ఆరోగ్యం, ఆరోగ్యం అని నా చెవినిల్లు కట్టుకుని పోరాడు. నేను ఊరుకుంటానా? వెనకాలే వీధి దూరంలో నడిచాను. తీరా చూస్తే, షుగరున్న మనిషి, వీధి చివర నిలబడి ఐస్‌క్రీం నాకుతున్నాడు!"

"ఈయన గడప దాటట్లేదే అక్కా. గదిలోనే ఉంటున్నాడు."

"అయితే గదిలోనే ఉంది. కనిపెట్టు. నీకు చెప్పాలా?"

కనిపెట్టడం మొదలుపెట్టింది. ఇదివరకు ఆయన ఒక రికార్డింగు వింటూ టైపు చేస్తుంటే పెడలు చప్పుడే వినిపించేది కాదు. ఇప్పుడు మడమ మాటిమాటికీ వెనక్కి నొక్కుతోంది. ఒకే ముక్క, మళ్లీ మళ్లీ. మధ్యలో హెడ్‌ఫోన్లు తీసి, కళ్లు మూసుకుని, గదిని ఆలకిస్తున్నట్టు కూర్చుంటాడు. ఆవిడ "ఏమండీ" అంటే ఉలుకూ పలుకూ ఉండదు. మళ్లీ గట్టిగా అంటే ఉలిక్కిపడి, తప్పు చేస్తూ దొరికిపోయినవాడిలా తిరుగుతాడు. ఏం వింటున్నాడు అంత తన్మయంగా? ఎవరి గొంతు?

ఒకరోజు ఆయన స్నానానికి వెళ్లాడు. లోపల నీళ్ల చప్పుడు మొదలవగానే ఆవిడ గబగబా వెళ్లి ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని పెడలు నొక్కింది. నొక్కీ నొక్కగానే "అమ్మో!" అని హెడ్‌ఫోన్లు లాగి పారేసింది. చెవి చిల్లు పడినంత పనైంది, అంత గట్టిగా ఉంది శబ్దం. పొరపాటున తన చెయ్యే ఎక్కడో తగిలి పెరిగిందనుకుని, తగ్గించి మళ్లీ విన్నది. ఆడగొంతు. సన్నగా, తియ్యగా, మెల్లగా మాట్లాడుతోంది.

"నేను అప్పుడు మేడ మీద బట్టలు ఆరేస్తున్నానండీ" అంది ఆ గొంతు. "కారు గుద్దిన చప్పుడైతే విన్నాను గానీ, ఎవరు నడుపుతున్నారో చూడలేదండీ."

సాక్షి! ప్రమాదం కేసులో సాక్షి. ఆవిడ తన మీద తనే పళ్లు నూరుకుంది. అయినా అనుమానం పోలేదు, ఇంకో రూపం ఎత్తింది. బట్టలు ఆరేసుకునే మనిషి సాక్ష్యంలో అన్నిసార్లు వెనక్కి తిప్పి వినాల్సినంత ఏముంది?

ఆ సాయంత్రమే ఆయన అసలు మాట బయటపెట్టాడు.

"నువ్వు నీ బల్ల హాల్లోకి మార్చుకుంటే బాగుంటుందేమో ఆలోచించు. అక్కడ వెలుతురు బాగా వస్తుంది. గాలీ ఆడుతుంది. ఒక గదిలో ఇద్దరం ఉంటే వేడి పెరుగుతుంది కదా."

అదన్నమాట సంగతి. ఏసీ పోయింది, ఫ్యాను పోయింది, కంప్యూటరు పోయింది, ఇప్పుడు తను పోవాలి. ఇన్నాళ్లూ ఒక్కొక్కటీ తీసేస్తూ వచ్చింది తనను ఆ గదిలోంచి పంపించడానికే.

"నేనుంటే మీకు ఇబ్బందిగా ఉందా?" అంది.

"ఛఛ, అదేం మాట! పర్యావరణం కోసం అంటున్నా."

"ఆలోచిస్తాలెండి."

ఆలోచించింది. కానీ ఏడుస్తూ కూర్చుని ఆలోచించే రకం కాదు ఆవిడ. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు తనెప్పుడూ చెప్పే మాట గుర్తొచ్చింది. అవతలివాడు ఏం చెప్తున్నాడో కాదర్రా, దేన్ని ముట్టుకోకుండా వదిలేశాడో చూడండి, అనేది. సరే, ఆయన దేన్ని వదిలేశాడు?

ఇల్లంతా తిరిగింది. వీధి వైపు గదిలో లైటు వెలుగుతోంది, ఎవరూ లేరు. బాత్రూంలో నీళ్ల హీటరు ఎర్రదీపంతో నిక్షేపంగా మండుతోంది, పొద్దున్నుంచీ! ఇంట్లో కరెంటునంతా గుటకాయస్వాహా చేసేది అదే. దాని జోలికి ఆయన పోనే లేదు. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకలేదు. కరెంటు మీద, భూమి మీద అంత ప్రేమ ఉన్న మనిషి, చిన్న యూపీఎస్ పెట్టెను అటకెక్కించి, ఈ హీటరును వదిలేస్తాడా? కాబట్టి ఇది పర్యావరణం కాదు. కట్టుకథ. ఇక్కడికి తేలిపోయింది.

తేలిపోయాక ఆవిడకు సంతోషం కలగలేదు. అవతల ఉన్నది దుకాణం తగలబెట్టుకున్న పెద్దమనిషి కాదు కదా.

మర్నాడు పొద్దున ఆయన కాఫీ తాగుతూ, మాటల్లో మాటగా అన్నట్టు, "ఆ గోడగడియారం కూడా తీసేద్దామా?" అన్నాడు.

"గడియారమా? అది మిమ్మల్నేం చేసింది?"

"బ్యాటరీలు భూమిలో కలిస్తే విషమట. చదివాను."

ఆవిడ కప్పు దించింది. ఆ గడియారం ఆవిడ నాన్నది. పొడుగాటి పెట్టె, లోపల ఊగే ఇత్తడి లోలకం. దానికి బ్యాటరీ లేదు, కరెంటు లేదు. తాళంచెవి ఇస్తే తిరుగుతుంది. కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకుంది. వారం వారం స్టూలెక్కి దానికి తాళం ఇస్తున్నది తనైతే, ఆ స్టూలు కదలకుండా పట్టుకుంటున్నది ఆయన. ఆయనకు తెలియదా? తెలిసి తెలిసి, ఆ గడియారం బ్యాటరీ భూమిని పాడుచేస్తుందంటాడా? మనిషి ఎంత కంగారులో ఉంటే అలాంటి అబద్ధం ఆడతాడు!

"మీరు కాసేపు అలా వీధిలోకి వెళ్లి పాలు పట్టుకురండి" అంది. ఆయన వెళ్లాడు.

ఆవిడ గది మధ్యలో నిలబడింది. ఏసీ. ట్యూబులైటు. ప్రింటరు. పెద్ద కంప్యూటరు. కీబోర్డు. యూపీఎస్. ఫ్యాను. నేను. గడియారం. వీటన్నిటికీ ఏమిటి సంబంధం? కరెంటు కాదు, గడియారం దగ్గర అది ఆగిపోయింది. వేడి కాదు, కీబోర్డుకు వేడేముంది? నిలబడి నిలబడి చూస్తుంటే గది ఎంత నిశ్శబ్దంగా ఉందో అప్పుడు తెలిసింది. గడియారం టిక్కుటిక్కు తప్ప చీమ చిటుక్కుమన్నా వినిపించేలా ఉంది.

చప్పుడు. పోయినవన్నీ చప్పుడు చేసేవే. ఏసీ రొద, ట్యూబులైటు చోకు జుంయ్‌మనడం, ప్రింటరు గురక, యూపీఎస్ మూలుగు. ఫోన్లలో వాగుతూ ఉండే తను. ఆ మనిషికి చప్పుడు పడటం లేదు. అంతేనా? అయితే చెప్పొచ్చుగా! "కాస్త చప్పుడు తగ్గించవే" అంటే తను కాదంటుందా? ఒక్కమాటతో పోయేదానికి కర్టెన్లు కుట్టుకోవడం, చెమటలు కక్కుకోవడం ఎందుకు?

చెవి చిల్లు పడేలా పెట్టిన ఆ హెడ్‌ఫోన్లు గుర్తొచ్చాయి. చెయ్యి తగిలి పెరిగిందనుకుంది. చెయ్యి తగల్లేదేమో.

ఆవిడకు ఒళ్లు చల్లబడింది. ఆ ఉక్కలో కూడా చల్లబడింది. మెల్లగా స్టూలు లాక్కుని, ఎవరూ పట్టుకోకుండానే ఎక్కి, గడియారం అద్దం తలుపు తీసి, లోలకాన్ని వేళ్లతో పట్టుకుని ఆపేసింది. దిగి, తన బల్ల దగ్గర కూర్చుంది.

ఆయన వచ్చాడు. పాలు వంటింట్లో పెట్టాడు. వచ్చి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని పని మొదలుపెట్టాడు. ఆవిడ ల్యాపుటాపు తెరిచింది గానీ ఒక్క అక్షరం చదవలేదు. వెనకాల మడమ పెడలును నొక్కుతోంది. వెనక్కి, మళ్లీ వెనక్కి. బట్టలు ఆరేసుకునే ఆ మనిషే కాబోలు ఇంకా. చాలాసేపటికి హెడ్‌ఫోన్లు బల్ల మీద పడేసిన చప్పుడైంది.

"ఆ గడియారం ఆపేద్దామే, ప్లీజ్" అన్నాడు ఆయన. గొంతు బతిమాలుతున్నట్టుంది. "టిక్కుటిక్కుమంటే నాకేం ఇబ్బంది లేదు. దాన్లో ఇంకేదో ఉంది. హూ... అని ఒకటే మోత. లోపల స్ప్రింగో ఏదో పాడైనట్టుంది. గదిలో ఇక మిగిలింది అదొక్కటే."

ఆవిడ వెనక్కి తిరిగింది. కళ్లు గోడ మీదికి వెళ్లాయి. ఆ చూపు పట్టుకుని ఆయనా తలెత్తి చూశాడు.

లోలకం నిలువుగా వేలాడుతోంది.

ఆయన దాన్ని చూస్తూనే ఉండిపోయాడు. తర్వాత ఏసీ వైపు చూశాడు, ఫ్యాను వైపు చూశాడు, బల్బు వైపు చూశాడు. చూడ్డానికి ఇంకేమీ లేదు.

"ఎప్పుడాపావు?"

"మీరు పాలకి వెళ్లినప్పుడు."

"నీకేం వినపడట్లేదా?"

ఆవిడ ఉద్యోగంలో ఎన్నడూ అబద్ధాన్ని నిజమని ఒప్పుకున్నది లేదు. ఆ క్షణాన ఒప్పేసుకుందామనిపించింది. "వినపడుతోందండీ, నాకూ వినపడుతోంది, ఎక్కణ్ణుంచో వెతుకుదాం" అనేస్తే ఏం పోయింది? మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆయన తనను చూస్తున్న చూపు అబద్ధం అడగడం లేదు.

"లేదండీ" అంది.

ఆయన తలూపాడు. కుర్చీలో కాస్త కిందికి జారాడు.

"అందుకే నిన్నడగలేదు" అన్నాడు. "గదిలో ఏదో మోగుతోందంటే నువ్వేమంటావు? నాకేం వినపడట్లేదే అంటావు. ఆ మాట నీ నోట వచ్చిందంటే ఇక మోత నా చెవుల్లోనే అని తేలిపోయినట్టేగా. అందుకని ముందు అన్నీ ఆపి చూద్దామనుకున్నా. ఏదో ఒకటి ఆపితే అదీ ఆగుతుందనుకున్నా. ఒక్కోటీ ఆపేకొద్దీ పెరిగిపోయిందే!"

"మరి పర్యావరణం ఏంటండీ మధ్యలో?"

"నీకు ఇంకేం చెప్పినా రుజువులు అడుగుతావు. దీనికైతే అడగవనుకున్నా."

ఆవిడకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చివరికి ఏడుపే గెలిచింది. లేచి వెళ్లి ఆయన తల పట్టుకుని పొట్టకు అదుముకుంది.

"నన్ను గదిలోంచి పొమ్మంటున్నారనుకున్నానండీ. నేనంటే మొహం మొత్తిందనుకున్నాను."

"నీ గొంతు ఆ మోతలో కలిసిపోతోందే. పిలిస్తే పలకట్లేదని నీకు తెలిసిపోతుందని భయం." తలెత్తకుండానే, "కోర్టువాళ్లకు తెలిస్తే నేనేం కావాలి? నాకు వినడం తప్ప ఇంకేం చేతనవును?" అన్నాడు.

"రేపే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దాం. కోర్టు సంగతి తర్వాత."

"ఆయన మాత్రం ఏమంటాడు?"

"ఏదంటే అది వింటాం. మీకు వినపడకపోతే నేను వింటాను."

ఆయన లేచి, స్విచ్చుబోర్డు దగ్గరికి నడిచి, ఫ్యాను వేశాడు. ఫ్యాను దుమ్ము దులుపుకుని గరగరమంటూ తిరగడం మొదలుపెట్టింది. వంకరకుట్ల కర్టెను లేచి ఆడింది. దాని కిందే నిలబడి, తడిసిన చొక్కా ముందుకు లాక్కుని, ఆయన కళ్లు మూసుకున్నాడు.

"హమ్మయ్య" అన్నాడు. "దీని రొదలో అది కాస్త మునిగిపోతోంది. నేనెంత తెలివితక్కువవాణ్ణి చూడు. దాన్ని కప్పి ఉంచినవాటినే ఒక్కోటీ పీకి పారేశాను."

"కర్టెను మాత్రం ఉంచుదాం, బాగుంది. హీటరు ఆపుదాం" అంది ఆవిడ ముక్కు చీదుకుంటూ. "రండి, వచ్చి స్టూలు పట్టుకోండి."

ఆయన స్టూలు పట్టుకున్నాడు. ఆవిడ ఎక్కి, గడియారానికి తాళం ఇచ్చి, లోలకాన్ని వేలితో మెల్లగా పక్కకు తోసి వదిలింది. టిక్కు, టిక్కు. ఫ్యాను రొదలో ఆవిడకే సరిగ్గా వినపడలేదు. కిందికి వంగి, "వినపడుతోందా?" అని అడిగింది.

ఆయన తల ఒక పక్కకు వాల్చి, గడియారం వైపు చెవి పెట్టి, కాసేపు ఆలకించాడు.

"ఊఁ, వినపడుతోంది" అన్నాడు.

నిజంగానే వినపడిందో లేదో ఆవిడ ఆరా తీయలేదు. ఆయన భుజం పట్టుకుని స్టూలు దిగింది.